గొలుసుబండి మీద సున్నపుగీత

మీ ఇంట్లో కుట్టుమిషనుకు చివరిసారి నూనె వేసింది ఎప్పుడు? ఆయుధపూజనాడు పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రానికి బంతిపూల దండ చుట్టింది లెక్కలోకి రాదు. నేను నూనె సంగతి అడుగుతున్నాను. గుర్తు లేదు కదూ? పూజలు మానేశామని గొప్పగా చెప్పుకునే మాబోటివాళ్ళ ఇళ్ళలో సంగతి ఇంకా ఘోరం. అక్కడ బంతిపూలూ లేవు, నూనే లేదు. ఇంత ధైర్యంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, ఆ పాపం నేనూ చేశాను. కుట్టుమిషనుకు కాదు, ఇరవై జతల ఎడ్లు కట్టినా కదలనంత బరువున్న గొలుసుబండికి. దాని ఫలితంగా నా జుట్టు పోయింది.

జుట్టు అంటే మామూలు జుట్టు కాదు. అరవైల మొదట్లో నేను అల్లూరుకు తూర్పున ఒక పల్లె హైస్కూల్లో సైన్సు అయ్యవారిని. ఆదివారం సాయంత్రాలు స్కూలు వరండాలో మా హేతువాద సంఘం సభ జరిగేది. సంఘంలో ఐదుగురం ఉండేవాళ్ళం, వర్షం వస్తే ముగ్గురం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి తల విదిలిస్తే నా జుట్టు నుదుటి మీద పడేది. దాన్ని చేత్తో వెనక్కి తోసి, ఆ తర్వాత దేవుడి మీద అసలు దెబ్బ కొట్టేవాణ్ణి. నా వాదనలో బలం సగం ఆ తోయడంలోనే ఉందని మా ఆవిడ అనేది. ఆమె నా సభలకు రాదు. వరండా వెనక గోడ మా ఇంటి గోడ కాబట్టి వినక తప్పేది కాదు.

ఇక బండి. యుద్ధం అయిపోయిన తర్వాత ఎవరో గుత్తేదారు, సైన్యం వదిలించుకున్న యంత్రాల్లోంచి ఒకదాన్ని కొని, ఉప్పుకాలువ పక్క ఇసకమిట్టలు చదును చేసే పనికి మా పల్లెకు తెచ్చాడు. చక్రాల స్థానంలో రెండు పక్కలా ఇనప పలకల గొలుసులు, ముందు మట్టిని తోసే పెద్ద పలక, వెనక తాడు చుట్టే డ్రమ్ము. ఒక ఏడు తుపాను వచ్చి, పని మునిగింది. గుత్తేదారు మళ్ళీ వస్తానని చెప్పి పోయాడు, రాలేదు. బండి సరుగుడు తోట అంచున ఇసకలో జానెడు కూరుకుపోయి నిలబడిపోయింది. ఆ తోట, దానికి పడమరగా ఉన్న మొలకొలుకుల వరిమళ్ళు మా బావవి. బావ అంటే మా ఆవిడ అన్న. ఆయనకు దేవుడి మీద ఉన్న భక్తి కొంచెమే. నన్ను ఓడించడం మీద మాత్రం అపారమైన భక్తి.

నేను ఆ ఊరికి వెళ్ళేటప్పటికే బండి దేవత అయిపోయింది. పేరు ఇనపమ్మ. శుక్రవారం శుక్రవారం ఒక ముసలమ్మ ముంతతో ఆముదం తెచ్చి గొలుసుల మీద పోసేది. ఆమె చూపిన దారిలో మిగతావాళ్ళు పసుపు, కుంకుమ, వేపమండలు, పిల్లల జబ్బులు, గొడ్ల జబ్బులు అన్నీ తెచ్చేవాళ్ళు. పల్లెకారులు చేపలవేటకు పోయేముందు రేడియేటరుకు దండం పెట్టేవాళ్ళు. రక్తం మరిగే వయసు నాది. ఇంజనుకు దండం పెట్టడమా? సంఘం తరఫున వెళ్ళి దాని మీద ‘ఇది యంత్రము, దేవత కాదు’ అని సున్నంతో రాసి వచ్చాను. మర్నాటికి ఆ అక్షరాల మీద కూడా పసుపు పూసి ఉంది, ‘దేవత’ అన్న మాట ఒక్కటే బాగా కనబడేటట్టు.

గొడవ పెద్దదై పంచాయతీ కూర్చుంది. అక్కడ నేను లేచి, తల విదిలించి, జుట్టు వెనక్కి తోసి, నా జీవితంలోకెల్లా గొప్ప ప్రతిపాదన చేశాను. బండిని నిలువునా సగం చేద్దాం. ఎడమ సగం భక్తులది. వాళ్ళిష్టం వచ్చింది పొయ్యవచ్చు, పుయ్యవచ్చు. కుడి సగం మాది. దాని మీద ఒక్క చుక్క నూనె గానీ చిటికెడు కుంకుమ గానీ పడకూడదు. రెండేళ్ళు చూద్దాం. పూజ జరిగిన సగానికీ జరగని సగానికీ ఏ తేడా ఉండదని రుజువు చేస్తాను. శాస్త్రం అంటే ఇదీ, అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. బావ కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. సరిగ్గా బానెట్టు నడినెత్తిన, ముందు నుంచి వెనక దాకా, నా చేతులతో సున్నపుగీత గీశాను. ముసలమ్మకు కూడా చెప్పాను, ఈ గీత దాటి ఇటుపక్కకు రాకూడదని. ఆమె గీత వంకా, నా వంకా చూసి, ముంత చంకలో పెట్టుకొని పోయింది.

ఆ రోజు నుంచి రెండు వానాకాలాలు గడిచాయి. సముద్రం అక్కడికి కూతవేటు దూరం. ఉప్పుగాలి సంగతి నేను పిల్లలకు పాఠంగా చెప్పేవాణ్ణి. ఇనుముకు తేమ, ఉప్పు తగిలితే ఏమవుతుందో నల్లబల్ల మీద సమీకరణంతో సహా రాసేవాణ్ణి. బల్ల తుడిచి ఇంటికి పోయేవాణ్ణి.

ఇంతలో గూడూరు నుంచి పాత ఇనుము కొనే వ్యాపారి ఒకడు వచ్చి బండి మీద కన్నేశాడు. సరుగుడు తోటలో ఎందుకీ అడ్డం అని బావ ఇచ్చేద్దామనుకున్నాడు. భక్తులు అడ్డం పడ్డారు. ఆశ్చర్యమేమంటే నేనూ అడ్డం పడ్డాను. అంత మంచి యంత్రాన్ని ముక్కలు చెయ్యడం నాకు మనసొప్పలేదు. బావకు కావలసింది అదే.

“వాళ్ళు అమ్మోరంటారు, నువ్వు యంత్రమంటావు. యంత్రమైతే నడిపించు బావా,” అన్నాడు. “నడవని దానికి ఏ పేరు పెడితే ఏంది?”

నడిపిస్తానన్నాను. మాట నోట్లోంచి వచ్చాక ఇంక షరతులే మిగిలాయి. వచ్చే తిరునాళ్ళ నాటికి బండి సరుగుడు తోట నుంచి ఉప్పుకాలువ కట్ట దాకా, నూరు గజాలు, తనంతట తాను నడవాలి. నడిస్తే బండి నాది. నడవకపోతే బండి గూడూరు వ్యాపారి కొలిమికి, నా జుట్టు అందరి ముందర నేలకు. నా వైపు నుంచి ఒక్కటే షరతు పెట్టాను. నిమ్మకాయ, కొబ్బరికాయ, కర్పూరం, ముహూర్తం ఏవీ ఉండకూడదు. రాహుకాలంలో మొదలుపెడతామన్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే, జుట్టు పోతే మళ్ళీ వస్తుంది, ఇకనుంచి ఆదివారాలు వరండాలో అరుపులుండవు కదా, అదే చాలు అంది.

నెల్లూరు బస్సు షెడ్డులో మెకానిక్కుగా ఉన్న మా సంఘ సభ్యుడు ఒకడున్నాడు. మా సభల్లో ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు. టీ కోసం వస్తాడని మిగతావాళ్ళు అనేవాళ్ళు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంజను మూత ఎత్తి, లోపల గూడు కట్టిన ఉడతకు దారి ఇచ్చి, “లేస్తుంది అన్నా,” అన్నాడు. అంతకు ముందు ఏ ఉపన్యాసమూ నాకు అంత సంతోషం కలిగించలేదు.

అలా మొదలైంది. ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిలు మీద కిరసనాయిలు డబ్బా, పానాల సంచి కట్టుకొని సరుగుడు తోటకు పోయేవాణ్ణి. తాటాకు చాప పరిచి, ఊడదీసిన ప్రతి నట్టునూ కిరసనాయిల్లో నానబెట్టి, బట్టతో తుడిచి, వచ్చిన వరసలో పేర్చేవాణ్ణి. రెండు ఆదివారాలు పందెం కోసం చేశాను. మూడో ఆదివారం నాటికి పందెం సంగతి మరిచిపోయాను. పదిహేనేళ్ళు బిగుసుకుపోయిన బోల్టు ఒకటి, పానా మీద బరువంతా వేసి ఊగితే, కిర్రుమని పావు చుట్టు తిరిగినప్పుడు మనిషికి కలిగే ఆనందం గురించి ఏ వేదాంతీ రాయలేదు. రాయకపోవడమే వాళ్ళ మీద నాకున్న ముఖ్యమైన ఫిర్యాదు. నా గోళ్ళు నల్లబడిపోయాయి. మా ఆవిడ నన్ను దోసెల పిండి ముట్టుకోనిచ్చేది కాదు.

అసలు కష్టం బండిలో ఉన్నవాటితో కాదు, లేనివాటితో. పదిహేనేళ్ళలో దాని భాగాలు ఊరంతా చేరి తలా ఒక ఉద్యోగం సంపాదించుకున్నాయి. ముందరి పెద్ద పలక బావ పొలం కాలువ మీద వంతెనగా ఉంది. ఆయన వడ్ల బండ్లన్నీ దాని మీదనే దాటేవి. పందెం పెట్టింది నువ్వే కాబట్టి వంతెన ఇవ్వక తప్పదని వాదించి ఆ ఏడు కోతల్లో ఆయన బండ్లను మైలు దూరం చుట్టూ తిప్పించాను. వెనక డ్రమ్ముకు ఉండాల్సిన కొక్కెం పల్లెకారుల పడవకు లంగరైంది. దానికి బదులు రాతి లంగరు చేయించి ఇస్తే, లాగే పనికి ఉంటుందని వలతాడు ఒకటి కూడా ఇచ్చి పంపారు. పలక కింది అంచు ముక్క కోసం ఊరంతా వెతికి, చివరికి నేను రోజూ వినే గంట అదేనని తెలుసుకున్నాను. మా స్కూల్లో వేపచెట్టుకు వేలాడదీసి సుత్తితో కొట్టే ఇనపముక్క అది. దాన్ని విప్పుకుపోయిన వారం రోజులు ఏ పీరియడ్డు ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియలేదు. లెక్కల అయ్యవారు ఒకరోజు పొద్దున మొదలుపెట్టిన లెక్కను అన్నాల వేళ దాకా చెప్పాడు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, దేవుణ్ణి లేడనండి, అభ్యంతరం లేదు, గంట లేకపోతే మాత్రం బడి నడవదన్నాడు.

డ్రైవరు సీటు మాత్రం దొరకడం సులువైంది. దాని మీద కూర్చోని మగవాడు ఊళ్ళో లేడు. కాలువగట్టు మీద క్షవరం చేసే పెద్దాయన దాన్ని రాతి మీద బిగించి తన కుర్చీగా వాడుకుంటున్నాడు. ఇవ్వడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. పందెం ఓడితే నా గుండు తనే గీయాలనీ, అదీ ఆ సీటు మీదనే గీయాలనీ మాట తీసుకున్నాడు.

మేమిద్దరం పని పంచుకున్నాం. ఇంజను మెకానిక్కుది. పైపనులు నావి. ఎడమ గొలుసు ముట్టుకోవడానికి నాకు మనసు రాలేదు. ఏళ్ళ తరబడి పోసిన ఆముదం, పసుపు, ఇసక కలిసి నల్లని పాకంలాగా దాని కీళ్ళనిండా దట్టించి ఉంది. దాన్ని మెకానిక్కుకు వదిలేశాను. గీతకు ఇవతలి సగం, మా సంఘం సగం, నేనే చూసుకున్నాను. కుడి గొలుసును తీగబ్రష్షుతో రుద్ది, ఉప్పుకాగితం పట్టి, ఆకుపచ్చ పెయింటు రెండు పూతలు పూశాను. పలక పలకకూ మధ్య సందుల్లోకి కూడా బ్రష్షు దూర్చి పూశాను. ఎండలో అది చిలకరెక్కలాగా మెరిసేది.

ఒకసారి మెకానిక్కు ఇంజను కింద నుంచి తల బయటపెట్టి, “కీళ్ళు చూసినావా అన్నా?” అని అడిగాడు.

“పెయింటు చూడవయ్యా,” అన్నాను.

వాడు చూశాడు, మళ్ళీ తల లోపలికి పెట్టుకున్నాడు. ఆ రోజు వాడు ఇంకొక్క మాట అడిగి ఉంటే నా జుట్టు మిగిలేది. కానీ ఉపన్యాసాలు విని విని, నేను అంత గట్టిగా చెబితే నిజమే అయి ఉంటుందని నమ్మే అలవాటు వాడికి పడిపోయింది. దీన్ని మూఢనమ్మకం అంటారని మా సంఘంలో ఎవరికీ తోచలేదు.

తిరునాళ్ళ రోజు రానే వచ్చింది. అమ్మవారి గుడి దగ్గర ఉండాల్సిన జనమంతా సరుగుడు తోటలో ఉన్నారు. బావ తెల్లపంచె కట్టుకొని పెళ్ళిపెద్దలాగా వచ్చాడు. క్షవరం చేసే పెద్దాయన కత్తిసంచితో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ముసలమ్మ ఎప్పటిలాగే ఎడమపక్క నిలబడింది. రాహుకాలం మొదలైందని గడియారం చూసి ప్రకటించాను.

ఆ బండిలో రెండు ఇంజన్లు. పెద్దది డీజిలుది, దాన్ని చేత్తో తిప్పడం ఎవరి వల్లా కాదు. అందుకని పక్కన చిన్న పెట్రోలు ఇంజను ఉంటుంది. తాడు చుట్టి లాగితే అది లేస్తుంది, అది పెద్దదాన్ని లేపుతుంది. మనవణ్ణి లేపి తాతను లేపమనడం లాగుందే అని బావ అందరికీ వినబడేటట్టు అన్నాడు. నేనూ మెకానిక్కూ పల్లెకారుల వలతాడు చుట్టి లాగాం. పది లాగుళ్ళకు మనవడు దగ్గాడు. ఇరవైకి తుమ్మాడు. ఎన్నో లాగుడుకో గుర్తు లేదు, టపటపమని లేచాడు. మెకానిక్కు ఒక పిడి తోశాడు. ఒక్క నిమిషం భూమి లోపల ఏదో తిరిగినట్టు గరగర శబ్దం. తర్వాత గొట్టంలోంచి నల్లటి పొగ, కొంత ఇసక, ఒక కాకిగూటి పుల్లలు ఎగిరి, పెద్ద ఇంజను లేచింది. జనం ఒక్కసారిగా పది అడుగులు వెనక్కి పోయారు. నా గుండె ఆ ఇంజనుతోపాటే కొట్టుకుంది. నిమ్మకాయ లేదు, కొబ్బరికాయ లేదు. తల విదిలించి, జుట్టు వెనక్కి తోశాను.

మెకానిక్కు సీటెక్కి గేరు వేశాడు. బండి వణికింది, మూలిగింది, ఇంజను ఆగిపోయేటట్టు అయింది. వాడు కుడివైపు పిడి లాగి ఆ పక్కకు బలం పోకుండా చేశాడు. అప్పుడు ఎడమ గొలుసు, ఆ నల్లటి జిడ్డు గొలుసు, వెన్నలో కత్తిలాగా మెత్తగా కదిలింది. నా చిలకరెక్కల గొలుసు ఒక్క అంగుళం కూడా కదల్లేదు. ఒక కాలు నడుస్తూ ఒక కాలు నిలబడితే మనిషి ఏం చేస్తాడో బండీ అదే చేసింది. ఉన్నచోటనే కుడివైపుకు తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. ఇసక లేచింది. రెండో చుట్టు. ఎక్కడో వెనక వరసలోంచి ఎవరో మెల్లగా, అమ్మ ఆత్మప్రదక్షిణం చేసుకుంటా ఉండాది అన్నారు. మూడో చుట్టుకు జనం చేతులు జోడించారు. ఆ చుట్టు పూర్తి కాగానే మెకానిక్కు బండి ఆపాడు. తర్వాత వాణ్ణి నిలదీశాను, రెండుకో నాలుగుకో ఆపకుండా మూడుకే ఎందుకు ఆపావని. నాలుగో చుట్టుకు గొలుసు ఊడేటట్టు ఉండింది అన్నా, అన్నాడు పాపం.

బావ నా దగ్గరికి వచ్చాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. నడుముకు దోపిన కాగితం తీసి మడతలు విప్పాడు. నా దస్తూరీ నాకు దూరం నుంచే తెలిసింది.

“బావా, పందెం పక్కన పెట్టు. నువ్వు రెండేళ్ళ నాడు పెట్టిన పరీక్ష ఒకటుండాది చూడు,” అన్నాడు. “పూజ చేసిన సగానికీ, చెయ్యని సగానికీ తేడా ఉండదని రాసినావు. తేలిపొయ్యింది కదా?”

ఏడెనిమిదేళ్ళుగా నేర్చిన వాద విద్య అంతా ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చింది. ఇంజను లేచిందా లేదా అనవచ్చు. నూరు గజాలు అన్నాం గానీ తిన్నగా అని అనలేదు, మూడు చుట్లు కలిపితే ఎంతో కొలుద్దాం అనవచ్చు. చెయ్యి జుట్టు దాకా పోయింది. అప్పుడే మెకానిక్కు సుత్తితో ఎడమ గొలుసు కీలును తట్టాడు, ఖంగుమంది. కుడి గొలుసు కీలును తట్టాడు. మొద్దుగా మోగింది. ఆకుపచ్చ పెంకు రాలి, దాని వెనక నుంచి ఎర్రటి పొడి దోసెడు జారింది.

“మన పక్కే పట్టేసింది అన్నా,” అన్నాడు.

చెయ్యి కిందికి దిగింది. నేను పెట్టిన పరీక్ష అది. నేను గీసిన గీత. ఫలితం నాకు నచ్చలేదని ఫలితాన్ని కాదంటే, నేను రోజూ తిట్టేవాళ్ళకూ నాకూ తేడా ఏమిటి? ఒప్పుకున్నాను, తేడా ఉంది అని. జనంలో పెద్ద హోరు లేచింది. అయితే తేడా ఎందువల్ల వచ్చింది? పసుపు వల్లనా, కుంకుమ వల్లనా, దండాల వల్లనా, ఆముదం వల్లనా? ఆ ప్రశ్న వేసుకోగానే, ఆ నాలుగింటిలో ఒక్కదాని గురించి కూడా అది పోసేవాళ్ళను నేను ఎన్నడూ ఏమీ అడగలేదని గుర్తొచ్చింది. ముసలమ్మ దగ్గరికి పోయాను. పదేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటున్నాం. ఆమెతో అప్పటిదాకా నేను మాట్లాడింది ఒక్కటే, గీత దాటవద్దని.

ఆముదం ఎందుకు పోస్తున్నావమ్మా అని అడిగాను.

“మా ఆయన పోసేవోడు అయ్యోరా,” అంది. “ఈ బండికి నూనె పోసే పనే ఆయనది. వారానికొక తూరి కీళ్ళల్లో పొయ్యకపోతే కాళ్ళు పట్టేస్తాయి దీనికి అనేవోడు. వచ్చిందాకా చూసుకోమని గుత్తేదారు చెప్పిపొయినాడు. మా ఆయన పొయినాక నేను పోస్తా ఉండా.”

మరి దేవత అంటుంటే ఊరుకున్నావే అన్నాను.

“వాళ్ళు పసుపు తెస్తిరి, నేను వద్దనలా. మీరు సున్నం తెస్తిరి, నేను వద్దనలా. ఆ పక్కకు రాబాక అంటిరి, రాలా. ఎందుకు పోస్తావని మీరూ అడగలా, వాళ్ళూ అడగలా.”

ఇనపమ్మ భక్తులు నేల చూశారు. నేనూ నేలే చూశాను. ఆ క్షణంలో రెండు పక్షాలకూ మధ్య ఏ గీతా లేదు.

ముసలమ్మే ముందు తేరుకుంది. బావ వైపు తిరిగి, ఒక్క నెల ఆగమని అడిగింది. కుడి పక్క కూడా తనను పొయ్యనిస్తే చాలంది. బావ గొంతు సవరించుకొని, గూడూరు వ్యాపారి ఎట్లాగూ నెలదాకా రాడని అన్నాడు. అది అబద్ధమని ఊరందరికీ తెలుసు. ఆ వ్యాపారి తిరునాళ్ళ అంగళ్ళ దగ్గర మరమరాలు తింటున్నాడు.

పందెం మాత్రం పందెమే. నేను బండెక్కి, ఆ సీటు మీద కూర్చున్నాను. పెద్దాయన కత్తి నూరుకుంటూ ఎక్కాడు.

“మీరు కదలబాకండి అయ్యోరా. బండి ఎట్లాగూ కదలదు,” అన్నాడు.

జుట్టు ఇసకలో పడుతుంటే ఇద్దరు ముగ్గురు భక్తులు కళ్ళకద్దుకోబోయారు. ఇది మొక్కు కాదు, పందెం అని సీటు మీద నుంచే అరిచాను. ఆ పల్లెలో నేను ఇనపమ్మకు తలనీలాలు ఇచ్చానని చెప్పుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. వాళ్ళకు ఈ వ్యాసమే జవాబు.

ఆ తర్వాతి నెలంతా ఆమె ఉపాధ్యాయురాలు, నేనూ మెకానిక్కూ శిష్యులం. కొత్త కాగితం రాశాం. ఈసారి కుడి పక్కకు ఆముదం మాత్రమే. పసుపు, కుంకుమ, దండం ఏవీ ఉండవు. నేను ఉత్సాహం కొద్దీ పైనుంచి ధారగా పోస్తే ఆమె నా మణికట్టు మీద ఒకటి వేసింది. పైన పోస్తే చూసేవాళ్ళకు, కీల్లో పోస్తే బండికి అంది. గొలుసు పిన్ను పిన్నుకూ ఆముదం వెచ్చచేసి పోయడం, సుత్తితో మెత్తగా తట్టడం, మర్నాడు మళ్ళీ పోయడం. నా ఆకుపచ్చ పెయింటంతా గీకి పారెయ్యడానికే నాలుగు రోజులు పట్టింది. గుండు మీద ఎండ చురుక్కుమంటుంటే ఆ పెయింటు గీకడం ఎవరికైనా మంచి చదువు.

నెల తిరిగాక, చెప్పుకోదగ్గ జనమెవరూ లేని ఒక మామూలు బుధవారం నాడు, బండి లేచింది. రెండు గొలుసులూ కదిలాయి. తాగినవాడి నడకలాగా కొంచెం వంకరగానే అయినా, ముందు బావగారి వంతెన పలక, వెనక పల్లెకారుల లంగరు కొక్కెంతో, సరుగుడు తోట నుంచి ఉప్పుకాలువ కట్ట దాకా నడిచింది. బావ పక్కనే నిలబడి సవారీ చేశాడు, దిగమంటే దిగలేదు. కట్ట ఎక్కి ఆగాక ముసలమ్మ వచ్చి గొలుసును అరచేత్తో తడిమి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“ఇంక ఆ గుత్తేదారు వచ్చినా పరవాలా,” అంది.

బండిని బావ నాకు ఇచ్చేశాడు. నా ఇంట్లో పట్టదు కాబట్టి ఆయన తోటలోనే ఉంచాను. సున్నపుగీతను నేనే తుడిచేశాను. బండి నడిచింది ఆముదం వల్లనే అని నేను, అమ్మ దయ వల్ల ఆముదం పనిచేసిందని బావ, ఆయన బతికి ఉన్నన్నాళ్ళూ వాదించుకున్నాం. ఆ వాదన నాకు చేదుగా లేదు. చేదుగా ఉన్నది వేరే. ఒక మనిషి వారం వారం ఒక పని చేస్తుంటే, ఆమె చేతిలో ముంతను చూసి నేను మూఢత్వం అన్నాను. ఆమె చెయ్యి ఎక్కడికి పోతున్నదో చూడలేదు. సగం బండి తుప్పు పట్టించి దానికి శాస్త్రమని పేరు పెట్టాను. ప్రశ్నించడం నా వృత్తి అని సభల్లో చెప్పుకునేవాణ్ణి. అడగాల్సిన ఒక్క ప్రశ్న రెండేళ్ళు ఆలస్యంగా, గుండుకు పావుగంట ముందు అడిగాను.

కాబట్టి మీకు క్షమాపణలు, ఉపన్యాసం అయిపోయింది. లేవండి. కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీయండి. దాని మీద పసుపు ఉందా లేదా నాకు అనవసరం. కీళ్ళు ఎక్కడున్నాయో తెలియకపోతే ఆ మిషను మీద మీకు చొక్కాలు కుట్టిపెట్టిన అమ్మనో, అత్తనో, అక్కనో అడగండి. ఆమె చెప్పేదాకా మీరు ఏమీ వాదించకండి. చెప్పాక నూనె పైన కాదు, కీల్లో వేయండి. ఇవాళే వేయండి.